బాలింత గదిలో ఇన్సులిన్: తోటి తల్లి తోడ్పాటుపై ఒక కేస్ స్టడీ

శ్రీకాకుళం పట్టణంలోని ఒక డయాబెటిస్ క్లినిక్‌లో ఎడ్యుకేటర్‌గా పనిచేస్తూ నేను దగ్గరగా చూసిన ఒక బాలింత కేసును ఇక్కడ రాస్తున్నాను. ఆమె అనుమతి తీసుకున్నాను, ఆనవాలు తెలియకుండా కొన్ని వివరాలు మార్చాను. మందుల మోతాదులు నిర్ణయించేది మా వైద్యులు. రోగికి, ఇంటివారికి నేర్పడం, రీడింగులు చూసి వైద్యులకు చెప్పడం, చక్కెర వ్యాధితోనే బిడ్డను కని, ఇతర బాలింతలకు తోడుగా వెళ్లే తోటి తల్లులను తయారుచేయడం నా బాధ్యత.

గర్భిణిగా ఉన్నంతకాలం చక్కెర వ్యాధి ఉన్న స్త్రీని అందరూ కళ్లలో పెట్టుకుని చూస్తారు. కాన్పు కాగానే ఆ చూపంతా బిడ్డ మీదికి మళ్లుతుంది. ఆశా కార్యకర్త, ఏఎన్ఎం, అంగన్వాడీ టీచరు అందరూ వస్తారు, టీకాలు, బరువు, పాలు పట్టడం గురించి అడుగుతారు, అది సక్రమమే. తల్లి రక్తంలో చక్కెర ఎంత ఉందో అడగవలసిన బాధ్యత మాత్రం ఆ వారాల్లో ఎవరి పుస్తకంలోనూ స్పష్టంగా ఉండదు. అదే అనుభవం ఉన్న మరో తల్లి ఆ ఖాళీలో ఎంతో చేయగలదు. అయితే మన ప్రాంతంలో ఆ పని ఫలించాలంటే ఆమె ముందుగా కూర్చుని మాట్లాడవలసింది బాలింత తల్లితోనో అత్తగారితోనో అన్నది నా దృఢమైన అభిప్రాయం. అందుకు కారణం ఈ కేసులోనే ఉంది.

నేపథ్యం

ఆమెకు 24 ఏళ్లు. 13వ ఏట, ఒంట్లో ఇన్సులిన్ తయారవడం ఆగిపోయే టైప్ 1 డయాబెటిస్ బయటపడింది. కన్నవారిది నరసన్నపేట వైపు పల్లె, అత్తవారిది ఉద్దానం. భర్త విశాఖపట్నంలో పనిచేస్తూ వారానికోసారి వస్తాడు. వ్యాధి సంగతి పెళ్లికి ముందే చెప్పారు కాబట్టి దాపరికం లేదు, కానీ అత్తవారి ఊళ్లో ఇరుగుపొరుగుకు తెలియదు. గర్భం నిలిచిన తొమ్మిదో వారంలో మా దగ్గరికి వచ్చేనాటికి, గత రెండు మూడు నెలల సగటు చక్కెరను చెప్పే హెచ్‌బీఏ1సీ 8.4 శాతం ఉండగా, ఏడో నెలకు 6.7కు దిగింది. గర్భానికి ముందు రోజుకు 36 యూనిట్లున్న ఇన్సులిన్ చివరి నెలలో 60 దాకా వెళ్లింది. 37 వారాలు నిండాక సిజేరియన్ చేశారు. ఆడపిల్ల, 3.3 కిలోలు. పుట్టిన కొద్ది గంటల్లో పాప చక్కెర డెసిలీటరు రక్తానికి 45 మిల్లీగ్రాముల కంటే తగ్గింది. పాలు పట్టి, కనిపెట్టి చూడగా రెండో రోజుకు నిలకడపడింది.

ఇన్సులిన్ అవసరాన్ని పెంచే హార్మోన్లు మాయ నుంచి వస్తాయి. మాయ పడిపోగానే ఆ అవసరం గంటల వ్యవధిలో దిగిపోతుంది. చాలామంది తల్లులకు గర్భానికి ముందున్న మోతాదు కంటే కూడా తక్కువ చాలుతుంది. దానికి తోడు పాలివ్వడానికి ఒంట్లోంచి రోజుకు దాదాపు 500 కేలరీలు ఖర్చవుతాయి. ఈ లెక్క ప్రకారమే ఆమెను 30 యూనిట్లతో ఇంటికి పంపారు: భోజనాల ముందు మూడు పూటలా త్వరగా పనిచేసే రెగ్యులర్ ఇన్సులిన్, రాత్రి పది గంటలకు నెమ్మదిగా పనిచేసే ఎన్‌పీహెచ్. టైప్ 1 ఉన్నవారికి పాలు పడడం కొంత ఆలస్యమవుతుందని మాకు తెలుసు. ఆమెకు నాలుగో రోజుకు గాని పాలు రాలేదు. ఈలోగా ఇంట్లోకి డబ్బా పాలు వచ్చాయి, వాటితోపాటు సూదులు వేసుకునే తల్లి పాలు బిడ్డకు పడవేమోనన్న మాటా వచ్చింది.

రీడింగుల పుస్తకంలో కనిపించనివి

కన్నవారింట్లో పథ్యం కట్టుదిట్టంగా సాగింది. పొద్దున్నే, ఇంకా చీకటి ఉండగానే, పరగడుపున కాయం ముద్ద. శొంఠి, పిప్పళ్లు మొదలైన దినుసులను బెల్లం పాకంలో నేతితో కలిపి చేసే ఈ మందును బాలింతకు పెట్టని ఇల్లు మా జిల్లాలో అరుదు. పదకొండు గంటలకు వెల్లుల్లి కారంతో, తెలగపిండి కూరతో అన్నం. సాయంత్రం ఆరింటికల్లా మరో నాలుగు ముద్దలు, ఆ తర్వాత తెల్లవారే వరకు ఏమీ లేదు. ఒళ్లు నీరు పడుతుందన్న భయంతో మంచినీళ్లు కూడా కొలిచి ఇచ్చేవారు.

ఆమె వాట్సాప్‌లో పంపిన పుస్తకం ఫోటోల్లో ఉదయం రీడింగులు 270కీ 290కీ మధ్య ఉన్నాయి, మిగిలిన గళ్లన్నీ ఖాళీ. పై చూపుకు రాత్రి ఇన్సులిన్ చాలడం లేదని అనిపించే పట్టిక అది. తెల్లవారుజామున మూడు గంటల రీడింగ్ చూడకుండా రాత్రి మోతాదు పెంచేది లేదని మా వైద్యులు పట్టుబట్టారు. ఆ రీడింగ్ పంపమని ఫోన్‌లో అడిగితే ఆమె సరేనంటుంది, కానీ అది రాదు. ఎందుకు రావడం లేదో ఫోన్ ద్వారా తేలే విషయం కాదని అర్థమయ్యాక, తోటి తల్లిని పంపాలని నిర్ణయించాం.

తోటి తల్లి ఎవరు, ఆమె పరిధి ఏమిటి

డయాబెటిస్‌లో తోటివారి తోడ్పాటు కొత్త ఆలోచన కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007 నవంబరులో ఈ విషయం మీదనే నిపుణుల సంప్రదింపుల సమావేశం జరిపింది. రోజువారీ జాగ్రత్తల్లో సాయం, మనసుకు ఊరట, వైద్యంతో లంకె, మధ్యలో వదిలేయకుండా కొనసాగడం: ఈ నాలుగూ అందులో మూలమైన పనులని ఈ రంగంలో పనిచేసేవారు చెబుతారు. కేరళలో నెయ్యాట్టింకర తాలూకాలో తోటివారి బృందాలతో పెద్ద ప్రయత్నమే జరిగింది, అయితే అది వ్యాధి వచ్చే అవకాశం ఎక్కువగా ఉన్న పెద్దవాళ్ల కోసం. బాలింతల సంగతి వేరు. వాళ్లు గది దాటి రారు, వాళ్ల నిద్ర వాళ్ల చేతిలో ఉండదు, ఏం తినాలో కూడా వాళ్లు నిర్ణయించరు. నెలకోసారి అందరినీ ఒకచోట కూర్చోబెట్టే పద్ధతి వాళ్లకు పనికిరాదు.

మేం ఎంచుకున్న తల్లికి 31 ఏళ్లు, చీపురుపల్లి వైపు ఊరు. టైప్ 1తో చిన్నప్పటి నుంచి ఉంది, నాలుగేళ్ల కొడుకున్నాడు. పెద్ద చదువు లేదు కానీ ఎదుటివారి మాట చివరిదాకా వింటుంది, నేను చూసుకునే మొదటి అర్హత అదే. ఆమెకు మేం నేర్పినదానిలో ఎక్కువ భాగం ఏం చెప్పకూడదన్నదే. ఎన్ని యూనిట్లు వేసుకోవాలో చెప్పకూడదు. మందు మానమనకూడదు. నాకు అలా అయింది కాబట్టి నీకూ అలాగే అవుతుందనకూడదు. చక్కెర 54 కంటే తగ్గినా, 70 లోపు పదే పదే వచ్చినా, 300 దాటి వాంతులో కడుపునొప్పో ఉన్నా, కుట్లు చీము పట్టి జ్వరం వచ్చినా, బిడ్డ పాలు తాగకుండా మత్తుగా ఉన్నా, తల్లి నోట చావు మాట వచ్చినా వెంటనే మాకు ఫోన్ చేయాలి. బస్సు ఛార్జీలు, ఫోన్ రీఛార్జి, వెళ్లిన రోజుకు కూలి నష్టపోకుండా కొంత సొమ్ము ఇస్తాం. ఆడవాళ్లు చేసే ఇలాంటి పనిని సేవ అనే పేరుతో ఉచితంగా చేయించుకోవడం నాకు సమ్మతం కాదు.

మొదటి సందర్శన

మొదటిసారి నేనూ వెంట వెళ్లాను. తోటి తల్లి లోపలి గదిలోకి పోకుండా వసారాలోనే బాలింత తల్లి పక్కన కూర్చుంది. వెల్లుల్లి ఒలుస్తున్న ఆమె చేటలోంచి తానూ నాలుగు పాయలు తీసుకుని ఒలవడం మొదలుపెట్టింది. చాలాసేపు కాన్పు కబుర్లే సాగాయి. తర్వాత ఆ పెద్దామే అడిగింది: “సూదులేసుకున్న ఒంట్లో పాలు గుంటకి మంచివేటి తల్లీ? చక్కెరంతా పాలల్లోకే కదా ఎలిపోద్ది?”

“నానూ అలాగే బయపడ్డాను పిన్నీ. మా గుంటడు ఏడాది దాటేదాకా నా పాలే తాగినాడు” అంటూ ఆమె ఫోన్‌లో కొడుకు ఫోటో చూపించింది. అంగన్వాడీ గోడ పక్కన పలక పట్టుకుని నిలబడ్డ పిల్లవాడిని ఆ పెద్దామె చాలాసేపు చూసింది. ఇన్సులిన్ మాంసకృత్తు జాతికి చెందినదని, పాలలోకి కొద్దిగా చేరినా బిడ్డ పొట్టలో జీర్ణమైపోతుందని, దానివల్ల హాని లేదని నేను ఆసుపత్రిలోనే చెప్పి ఉన్నాను. ఆనాడు తల ఊపిన మనిషి ఆ రోజు చేటలోంచి చెయ్యి తీసి డబ్బా పాలు తగ్గించమంటారా అని అడిగింది. మా మాట తప్పని కాదు, ఆ మాటను మోసుకొచ్చిన మనిషి ఒంట్లో అదే జబ్బు ఉండడం వల్ల దానికి బలం వచ్చింది.

ఆ తర్వాతే లోపలి గదిలో బాలింత నోరు విప్పింది. రాత్రి మూడు గంటల ప్రాంతంలో పాపకు పాలిచ్చి లేచేసరికి ఒళ్లంతా చెమటలు పట్టి చేతులు వణుకుతున్నాయట. రెండుసార్లు పరీక్ష చేసుకుంటే 52, 48 వచ్చాయి. పుస్తకంలో మాత్రం రాయలేదు. చక్కెర పడిపోతోందని తెలిస్తే ఇంట్లోవాళ్లు పాలివ్వడం మాన్పించేస్తారన్నదే ఆమె భయం. ఉదయం రీడింగ్ ఎప్పుడు చూస్తున్నావని తోటి తల్లి అడిగితే కాయం తిన్న తర్వాతనని జవాబు వచ్చింది. పరగడుపు అని రాసిన గడిలో ఉన్నది బెల్లం తిన్న గంట తర్వాతి అంకె! రాత్రి పదింటికి వేసుకున్న ఎన్‌పీహెచ్ సరిగ్గా తెల్లవారుజామునే బలంగా పనిచేస్తుంది, అదే సమయానికి సాయంత్రం ఆరింటి నుంచి ఖాళీగా ఉన్న కడుపుతో ఆమె పాలిస్తోంది. ఆ పుస్తకం చూసి రాత్రి మోతాదు పెంచి ఉంటే ప్రాణం మీదికి వచ్చేది.

మార్పులు

అదే రోజు వైద్యులు రాత్రి మోతాదు తగ్గించారు. తర్వాతి రీడింగులు మెరుగుపడడానికి మొదటి కారణం అదే. ఆ ఘనతను తోడ్పాటు ఖాతాలో వేయడం సరికాదు. తోడ్పాటు వల్ల దక్కింది ఆ మోతాదు తగ్గించడానికి కావలసిన నిజం.

కాయం విషయంలో నిషేధం పెట్టలేదు. పెట్టినా చెల్లేది కాదు, చాటుగా పెట్టేవారు. శొంఠి, పిప్పళ్ల పొడిని బెల్లం లేకుండా నేతిలో కలిపి పదకొండు గంటల భోజనంలో మొదటి ముద్దకు పెట్టడానికి పెద్దామె ఒప్పుకుంది. రాత్రి పడుకునే ముందు చోడి (రాగి) అంబలో, గ్లాసు పాలో, రెండు ఇడ్లీలో తప్పనిసరి అయ్యాయి. మంచినీళ్ల భయం మాత్రం పోలేదు. వాము వేసి కాచిన నీళ్లయితే ఎన్నిసార్లయినా తాగవచ్చని ఒప్పందం కుదిరింది, కావలసింది నీరే కాబట్టి మాకూ అభ్యంతరం లేదు.

చక్కెర 70 కంటే తగ్గితే మూడు చెంచాల చక్కెర, అంటే సుమారు 15 గ్రాములు, నీళ్లలో కలిపి తాగి, 15 నిమిషాల తర్వాత మళ్లీ పరీక్ష చేసుకోవాలని మేం అందరికీ చెబుతాం. చంకలో పసిపాప ఉండగా చీకట్లో డబ్బా మూత తిప్పి, చెంచా వెతికి, గ్లాసులో కలపడం వణుకుతున్న చేతికి సాధ్యం కాదని మాకు చెప్పింది తోటి తల్లే. ఆమె పద్ధతి ఇది: పళ్లతో మూత లాగగలిగే చిన్న ప్లాస్టిక్ సీసాలో ప్రతి సాయంత్రం చక్కెర నీళ్లు కొత్తగా కలిపి, ఎడమచేతికి అందేలా చాప పక్కన పెట్టుకోవాలి. వణుకు మొదలవగానే ముందుగా పాపను చాప మధ్యలో పడుకోబెట్టాలి, మంచం మీద పెట్టకూడదు. తర్వాత సీసా, ఆ తర్వాతే పరీక్ష. పాప ఏడ్చినా ఆ కొద్ది నిమిషాలు ఏడవనివ్వాలి. పాలిచ్చే ముందు ఏదైనా తినడం సాధ్యం కాకపోతే పాలిస్తూనే రెండు బిస్కెట్లు తినాలి. పెద్దామెకు కూడా ఒక్క సంగతి గట్టిగా నేర్పాం: కూతురు పిలిస్తే పలకని స్థితిలో ఉంటే నోట్లో ఏదీ పోయకూడదు, పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి.

రాత్రిళ్లు ఎప్పుడైనా ఫోన్ చేయమని తోటి తల్లి మాట ఇచ్చింది. నేను దానికి ఒప్పుకోలేదు. ఆమెకూ ఇన్సులిన్ ఉంది, ఆమెకూ నిద్ర కావాలి. దాని బదులు రాత్రి తొమ్మిదిన్నరకు ఒక చిన్న సందేశం పెట్టుకున్నారు. ఇప్పుడు ఎంత ఉంది, ఏం తిన్నావు, సీసా పక్కనుందా, ఈ మూడే ప్రశ్నలు. బాలింత జవాబు ఒక్కోరోజు మూడు మాటల్లోనే ఉండేది. అత్యవసరమైతే ఫోన్ చేయవలసింది క్లినిక్ నంబరుకే.

ఒక విషయం ఇక్కడే చెప్పాలి. మా దగ్గర గర్భధారణ సమయంలో మాత్రమే చక్కెర వచ్చిన తల్లులూ ఉన్నారు. కొన్నాళ్లు అందరినీ ఒకే వాట్సాప్ బృందంలో ఉంచాం. కాన్పు తర్వాత తనకు నార్మల్ వచ్చిందని ఒకామె సంబరంగా రాస్తే, జీవితాంతం సూది తప్పని ఈ బాలింత రెండు రోజులు ఫోన్ ముట్టలేదు. ఆ సంబరంలో తప్పేమీ లేదు. ఆ తల్లులకు కావలసిన మాట మరొకటి: కేంద్ర ఆరోగ్య శాఖ మార్గదర్శకాల ప్రకారం కాన్పయిన ఆరు వారాలకు 75 గ్రాముల గ్లూకోజ్ తాగి పరీక్ష చేయించుకోవాలి, అప్పుడు బాగున్నా తర్వాతి కాలంలో పెద్దవాళ్లలో ఎక్కువగా కనిపించే టైప్ 2 చక్కెర వ్యాధి వచ్చే అవకాశం ఇతరులకన్నా చాలా ఎక్కువ కాబట్టి ఏటేటా చూపించుకోవాలి. ఆ రెండు రకాల తల్లులను ఇప్పుడు విడివిడిగా ఉంచుతున్నాం. ఒకే జబ్బు పేరు ఉన్నంత మాత్రాన ఒకే తోడు కుదరదు.

మనసు సంగతి

ఆరో వారంలో, కాన్పు తర్వాతి దిగులును పసిగట్టే ఎడిన్‌బరో ప్రశ్నావళిలోని పది ప్రశ్నలూ ఆమె మాటల్లోకి మార్చి అడిగితే స్కోరు 14 వచ్చింది, అంకె ఎక్కువైతే దిగులు ఎక్కువని అర్థం. తనకు హాని చేసుకోవాలనే ఆలోచనల గురించిన పదో ప్రశ్నకు లేదనే చెప్పింది. అయినా వైద్యులకు చూపించాం, మానసిక సాయానికి ఉన్న ప్రభుత్వ ఫోన్ సేవ టెలి మానస్ నంబరు 14416 ఆమెకూ భర్తకూ ఇచ్చాం. పాప పుట్టగానే చక్కెర పడిపోయింది తన వల్లేనన్న అపరాధ భావం ఆమెను లోపల తొలిచేస్తోంది. తోటి తల్లికి మొదటి గర్భం నిలవలేదు. ఆ సంగతి చెప్పాలా వద్దా అని ఆమె ముందే నన్ను అడిగింది, ఇప్పుడు వద్దని ఇద్దరం అనుకున్నాం. బాలింత దుఃఖం వింటూ ఇంటికి వెళ్లిన రోజుల్లో ఆమెకూ నిద్ర పట్టేది కాదు. అందుకే ప్రతి సందర్శన తర్వాత ఆమెతో నేను విడిగా మాట్లాడే సమయం తప్పనిసరి చేశాను. తోడు వెళ్లేవారికి తోడు లేకుండా ఈ పని నడపకూడదు. పధ్నాలుగో వారానికి బాలింత స్కోరు 8కి దిగింది.

అత్తవారింటికి

అయిదో నెలలో సారెతో ఆమెను అత్తవారింటికి పంపారు. పథ్యం గది కంటే ఈ మార్పే ఎక్కువ ప్రమాదమని నేను భావిస్తాను, ఎందుకంటే అప్పటిదాకా కుదిరినవన్నీ ఒక్క రోజులో మారిపోతాయి. ఆ ఇంట్లో ఫ్రిజ్ లేదు. వాడుతున్న ఇన్సులిన్ సీసాను ఎండ తగలని చల్లని చోట నాలుగు వారాల వరకు ఉంచుకోవచ్చు. తడి ఇసుకలో కుండ పెట్టే పద్ధతి ఉంది కానీ, సముద్రపు గాలిలో తేమ ఎక్కువగా ఉండే ఉద్దానంలో అది మెట్ట ప్రాంతంలో ఉన్నంతగా చల్లబడదు. కాబట్టి కుండలో వాడుక సీసాలు మాత్రమే ఉంచి, మిగిలిన వాటిని కన్నవారింటి ఫ్రిజ్‌లో పెట్టి, అవసరమైనప్పుడల్లా భర్త తెచ్చేలా ఏర్పాటు చేశాం.

అత్తగారి భయం వేరు. ఆ ప్రాంతంలో కిడ్నీ జబ్బుతో మనిషిని పోగొట్టుకోని వీధి లేదు. రోజూ సూదులు వేసుకుంటే కిడ్నీలు చెడతాయని ఆమె నమ్మకం. ఉద్దానం కిడ్నీ జబ్బు చాలామందిలో చక్కెర గానీ బీపీ గానీ లేకుండానే వచ్చేది, దాని అసలు కారణం మీద పరిశోధనలు నడుస్తున్నాయి. ఇన్సులిన్ వల్ల వచ్చేది కాదది. కిడ్నీలను చెడగొట్టేది అదుపు తప్పిన చక్కెర. ఈ వివరం నేను చెప్పాను. తోటి తల్లి కిడ్నీల పనితీరు చెప్పే తన క్రియాటినిన్ రిపోర్టు, మూత్రంలో అల్బుమిన్ రిపోర్టు మడత విప్పి ఆమె చేతిలో పెట్టి, ఇన్నేళ్ల సూదుల తర్వాత ఇదండీ అత్తా అంది. కోడలికీ ఆ పరీక్షలు చేయించాలని అత్తగారే పట్టుబట్టి తీసుకువచ్చింది, రెండూ సరిగ్గానే ఉన్నాయి. ఇరుగుపొరుగుకు చెప్పాలా వద్దా అన్నది బాలింత ఇష్టానికే వదిలాం. ఆమె ఆశా కార్యకర్తకు మాత్రం చెప్పింది.

ఆ మార్పు జరిగిన వారాల్లో పుస్తకం మళ్లీ ఖాళీ అయింది, తొమ్మిదిన్నర సందేశాలకు జవాబులు తగ్గాయి. వంటిల్లు, పాప, కొత్త ఇల్లు మధ్య పరీక్ష చేసుకునే తీరిక లేదని ఆమె చెప్పింది. తోటి తల్లి నిలదీయలేదు, రోజుకు ఒక్క రీడింగ్ చాలని, అది పడుకునే ముందు చూసుకోమని మాతో మాట్లాడి చెప్పింది. నెల తిరిగేసరికి అది మూడు పూటలకు పెరిగింది.

ప్రస్తుతం

పాపకు ఆరో నెల నిండింది, తల్లి పాలతోపాటు మెత్తని జావ మొదలుపెట్టారు. రాత్రి 54 కంటే తగ్గిన రీడింగ్ మోతాదు మార్చిన తర్వాత మళ్లీ రాలేదు, 60ల్లోకి దిగినవి కొన్ని ఉన్నాయి. హెచ్‌బీఏ1సీ 7.5 శాతం. గర్భంలోని 6.7తో దీన్ని పోల్చి నిరుత్సాహపడవద్దని ఆమెకు చెప్పాం, గర్భంలో ఎర్ర కణాలు త్వరగా మారిపోవడం వల్ల ఆ అంకె తక్కువగా కనిపిస్తుంది. పాలిచ్చే నెలల్లో రాత్రిళ్లు చక్కెర పడిపోకుండా చూడడమే మాకు ముఖ్యం.

టైప్ 1 ఉన్న తల్లుల్లో కాన్పు తర్వాత థైరాయిడ్ గాడి తప్పడం ఇతరులకన్నా ఎక్కువ. అందుకే మూడో నెలలో థైరాయిడ్ పరీక్ష టీఎస్‌హెచ్ చేయించాం, ఇప్పుడు మరోసారి రాశాం, నీరసాన్ని బాలింతతనం మీదికే నెట్టేయకుండా. కళ్ల రెటీనా పరీక్ష ఈ నెలలోనే జరగాలి. మరో గర్భం ఇప్పుడే వద్దని భార్యాభర్తలిద్దరూ అనుకున్నారు, కాపర్ టీ వేయించుకున్నారు. ఎప్పుడు కావాలనుకున్నా హెచ్‌బీఏ1సీ 6.5 కంటే తగ్గాకే, ఫోలిక్ యాసిడ్ ముందుగా మొదలుపెట్టాకే అని రాసి ఇచ్చాం. తొమ్మిదిన్నర సందేశం ఇప్పుడు వారానికి రెండు రోజులకు తగ్గింది. పాపకు ఏడాది నిండేదాకా దాన్ని ఆపబోమని తోటి తల్లికీ, ఆ ఊరి ఏఎన్ఎంకూ చెప్పి ఉంచాను.